వైస్ సిటీలో చీట్ కొట్టడం ఎలా: సేవ్ చెడకుండా, మజా పోకుండా

అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో నెట్ సెంటర్‌కి పోయి గంటకి డబ్బులు కట్టి కూర్చున్నవాళ్ళకి జీటీఏ వైస్ సిటీ గేమ్ అంటే నాలుగే చీట్ కోడ్‌లు, అంటే కీబోర్డ్ మీద కొడితే ఆటలో శక్తులిచ్చే మాటలు. గన్స్‌కి ఒకటి, లైఫ్‌కి ఒకటి, పోలీసులు పోవడానికి ఒకటి, ట్యాంకుకి ఒకటి. ఆ ట్యాంకుని అందరం ట్యాంకర్ అనేవాళ్ళం. జిరాక్స్ తీసిన కోడ్‌ల కాగితం చేతులు మారుతూ ఉండేది. గంట అయిపోయేలోపు ఊరు ఎంత తగలబెడితే అంత లాభం. కథ ముందుకు నడిపినా ఉపయోగం ఉండేది కాదు, మీరు ఆట దాచుకున్న (సేవ్ చేసిన) స్లాట్ మీద మర్నాడు ఇంకెవడో సేవ్ చేసేవాడు.

ఇప్పుడు లాప్‌టాప్ మీది, టైమ్ మీది, వెనకనుంచి "అన్నా, టైమ్ అయిపోయింది" అనేవాళ్ళు లేరు. కోడ్‌లు మాత్రం అవే. వాటిని వాడే తీరు మార్చుకోవాలి, ఎందుకంటే ఈ గేమ్‌లో కొన్ని కోడ్‌లు సేవ్ ఫైల్లోకి ఎక్కి మళ్ళీ దిగవు. ఇంకోపక్క, అసలైన శక్తులు కొన్ని ఏ కోడ్ కొట్టినా రావు, అంబులెన్స్ నడిపితే వస్తాయి. ఈ రెండూ తెలిసి ఆడితే చాలా రోజులు నడిచే ఆట ఇది. తెలియకపోతే అరగంటలో విసుగొస్తుంది.

మీ దగ్గరున్నది ఏ వైస్ సిటీ?

ముందు ఇది తేల్చుకోండి. ఎడిన్‌బరోలోని రాక్‌స్టార్ నార్త్ చేసిన ఈ గేమ్ ప్లేస్టేషన్ 2కి 2002 అక్టోబర్‌లో, పీసీకి 2003 మేలో వచ్చింది. మియామీని పోలిన ఊరు, 1986 సంవత్సరం, మనం ఆడించే హీరో, పూల చొక్కా వేసుకున్న టామీ వెర్సెట్టీ. మనం నెట్ సెంటర్‌లో ఆడింది ఆ పీసీ వెర్షన్. 2021 నవంబర్‌లో బొమ్మలు కొత్తగా గీసి డెఫినిటివ్ ఎడిషన్ పేరుతో మళ్ళీ తెచ్చారు. అందులో పాత కోడ్‌లు చాలావరకు పనిచేస్తాయి, కొన్ని తీసేశారు. చీట్ కొట్టి ఆడుతున్నప్పుడు అచీవ్‌మెంట్లు రావు, అవి కావాలనుకునేవాళ్ళు గుర్తుపెట్టుకోండి.

కోఠి ఫుట్‌పాత్ మీదో, సికింద్రాబాద్ సీటీసీలోనో ఎప్పుడో కొన్న సీడీ అటక మీద దొరికిందనుకోండి, అది ఎవరో మార్చిన కాపీ అయ్యే అవకాశం ఎక్కువ. కార్ల బొమ్మలు మార్చి, టామీకి మన హీరోల చొక్కాలు తొడిగినవి ఊళ్ళో చాలా తిరిగాయి. అలాంటిదాంట్లో కోడ్ సరిగ్గా కొట్టినా వచ్చే బండి వేరేలా కనిపిస్తుంది. కంగారు పడక్కర్లేదు, లోపల అదే బండి. పైగా తెలియని సైట్లలో ఉచితంగా దొరికే కాపీల జోలికి పోకండి, గేమ్‌తో పాటు ఇంకేమేం దిగుతాయో చెప్పలేం.

ఫోన్‌లో ఆడేవాళ్ళకి ఒక మాట. 2012లో వచ్చిన మొబైల్ వెర్షన్‌లో కోడ్ కొట్టడానికి తెర మీద కీబోర్డ్ రాదు. ఆండ్రాయిడ్ అయితే బయటి కీబోర్డ్ తగిలించి కొట్టొచ్చు. ఇక్కడ చెప్పేదంతా పీసీ కీబోర్డ్‌ని దృష్టిలో పెట్టుకునే.

ఇంకోటి, ఇది పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళ గేమ్. మనం ఏ వయసులో ఆడామన్నది వేరే సంగతి. ఇంట్లో చిన్నవాళ్ళుంటే వాళ్ళు పడుకున్నాక పెట్టుకోండి.

మొదలుపెట్టే ముందు రెండు పనులు

పాత పీసీ వెర్షన్ అయితే ఆప్షన్స్‌లోకి వెళ్ళి ఫ్రేమ్ లిమిటర్ (బొమ్మల వేగాన్ని కట్టడి చేసే సెట్టింగ్) ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఇప్పటి లాప్‌టాప్‌ల వేగానికి ఆ గేమ్ తట్టుకోలేదు. లిమిటర్ తీసేస్తే బొమ్మ నున్నగా కనిపిస్తుంది కానీ బండి రివర్స్ పోవడం, తిరగడం లాంటివి దారి తప్పుతాయి. చాలామంది దీన్ని గేమ్ పాడైందనుకుని తీసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తుంటారు.

రెండో పని ముఖ్యం. గేమ్‌లో ఎనిమిది సేవ్ స్లాట్‌లున్నాయి. ఒకటి కథకి ఉంచండి, ఒకటి అల్లరికి. కథ స్లాట్‌లో ప్రాణం, కవచం, పోలీసుల కోడ్‌లు తప్ప ఇంకేమీ కొట్టకూడదని మీకు మీరే రూల్ పెట్టుకోండి. అల్లరి స్లాట్‌లో ఏం చేసినా అడిగేవాడు లేడు. టామీ మొదట్లో దిగే ఓషన్ వ్యూ హోటల్‌లో గులాబీ రంగు క్యాసెట్ తిరుగుతూ ఉంటుంది కదా, దాని మీద నిలబడి ఒకే స్థితిని రెండు స్లాట్‌లలో సేవ్ చేస్తే సరిపోతుంది. ఇంకా భద్రంగా ఉండాలంటే పాత వెర్షన్‌లో సేవ్‌లు డాక్యుమెంట్స్‌లో జీటీఏ వైస్ సిటీ యూజర్ ఫైల్స్ అన్న ఫోల్డర్‌లో ఉంటాయి. ఆ ఫోల్డర్‌ని కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి.

కోడ్ కొట్టే పద్ధతి

ఇందులో కోడ్ రాయడానికి ప్రత్యేకంగా పెట్టె ఏదీ తెరుచుకోదు. ఆట నడుస్తుండగానే కీబోర్డ్ మీద అక్షరాలు కొట్టుకుంటూ పోవాలి. సరిగ్గా పడితే తెర పైన ఎడమ పక్క చీట్ యాక్టివేటెడ్ అని వస్తుంది. పాజ్ చేసి కొడితే పనిచేయదు. పెద్దక్షరాలా చిన్నవా అన్న తేడా లేదు. అన్నీ ఇంగ్లిష్ అక్షరాలే, మాటల మధ్య ఖాళీ వదలకూడదు. కంప్యూటర్‌లో తెలుగు కీబోర్డ్ పెట్టుకున్నవాళ్ళు విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కి ముందే ఇంగ్లిష్‌కి మార్చుకోండి.

మధ్యలో తప్పు పడితే చెరపడం లాంటిదేమీ లేదు. గేమ్ మీరు చివర కొట్టిన అక్షరాలనే చూసుకుంటుంది, ముందున్న చెత్తని పట్టించుకోదు. మొదటి అక్షరం నుంచి మళ్ళీ కొట్టండి, అంతే.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. మీరు కొట్టే అక్షరాలే టామీని నడిపే అక్షరాలు కూడా. డబ్ల్యూ, ఏ, ఎస్, డీ నొక్కితే టామీ అటూ ఇటూ కదులుతాడు. అది పర్లేదు, రెండడుగులు వేస్తాడు. ప్రమాదం ఎఫ్‌తో. ఎఫ్ అంటే బండి ఎక్కడం, దిగడం. 'కమ్ ఫ్లై విత్ మీ' కోడ్‌లో ఎఫ్ ఉంది, 'గెట్ దేర్ ఫాస్ట్' కోడ్‌లో ఎఫ్ ఉంది. కారులో వేగంగా పోతూ వీటిని కొడితే కోడ్ పడుతుంది కానీ టామీ తలుపు తీసుకుని రోడ్డు మీదికి దొర్లుతాడు. అందుకే ఎఫ్ ఉన్న కోడ్‌లని బండి దిగి, చుట్టూ వేరే బండ్లు లేనిచోట నిలబడి కొట్టండి. ఛేజింగ్‌లో అవసరమయ్యే నాలుగింటిలో, అంటే ప్రాణం, కవచం, పోలీసులు, ట్యాంకు, దేంట్లోనూ ఎఫ్ లేదు. వాటిని నడుస్తున్న బండిలోనే కొట్టొచ్చు.

రోజూ పనికొచ్చేవి

ప్రాణానికి 'ఆస్పిరిన్'. కానీ మందుల షాపు స్పెల్లింగ్ కొడితే పడదు, చివర అదనంగా ఈ అక్షరం (E) ఉంది. ఆ ఒక్క అక్షరం దగ్గర ఎంతమంది "కోడ్ పని చేస్తలేదన్నా" అన్నారో లెక్కలేదు. కవచానికి 'ప్రెషస్ ప్రొటెక్షన్'. పోలీసులు ఎంత గట్టిగా వెంటపడుతున్నారో చూపే స్టార్లు పోవడానికి 'లీవ్ మీ అలోన్'. ట్యాంకుకి 'పాంజర్', అంటే పీ, ఏ, ఎన్, జెడ్, ఈ, ఆర్. ట్యాంకు కోడ్ ఆరుబయట, ముందు ఖాళీ ఉన్నచోట కొట్టండి.

తుపాకీలకి మూడు రకాలున్నాయి. 'థగ్స్ టూల్స్' తేలికవి, బేస్‌బాల్ బ్యాట్ లాంటివి. 'ప్రొఫెషనల్ టూల్స్' మధ్యరకం. 'నట్టర్ టూల్స్' పెద్దవి, చైన్‌సా, మినీగన్ అందులోనే వస్తాయి. నట్టర్‌లో రెండు టీలు. టామీ దగ్గర ఒక్కో రకానికి ఒక్క ఆయుధమే ఉంటుంది కాబట్టి కొత్త సెట్ కొడితే అదే రకం పాతది పోతుంది. నచ్చిన తుపాకీ చేతిలో ఉంటే ఇంకో సెట్ కొట్టకండి. ఆస్పత్రి పాలైతే ఎలాగూ ఆయుధాలన్నీ పోతాయి, అప్పుడు కొట్టుకోవచ్చు.

డబ్బులకి కోడ్ లేదు. మళ్ళీ చెప్తున్నా, లేదు. ఎవరో అన్నయ్య చెప్పిన కోడ్, కాగితం మీద పెన్నుతో అదనంగా రాసిన కోడ్, అన్నీ ఉత్తవే. దీని తర్వాత వచ్చిన జీటీఏ శాన్ ఆండ్రియాస్‌లో ఒక కోడ్‌కి డబ్బు కూడా వస్తుంది, ఆ గేమ్ సంగతి దీనికి అంటగట్టేశారు. ఈతకి కూడా కోడ్ లేదు. టామీకి ఈత రాదు, లోతు నీళ్ళలో పడితే ఆస్పత్రే. వైస్ సిటీలో డబ్బు కావాలంటే షాపులో గల్లా దగ్గరున్నవాడి మీదికి తుపాకీ ఎత్తి కదలకుండా నిలబడితే కొద్దికొద్దిగా పడుతుంది. ఎంతసేపు నిలబడితే అన్ని స్టార్లు. అసలు సంపాదన ఆస్తుల మీద. ప్రింట్ వర్క్స్, మలిబూ క్లబ్ కొని వాటి మిషన్లు పూర్తి చేస్తే గేమ్‌లో రోజుకి 8000, 10,000 డాలర్ల దాకా వచ్చి పడుతుంటాయి, మీరు వెళ్ళి తీసుకోవడమే. గేమ్‌లో ఒక రోజంటే మనకి 24 నిమిషాలు.

అల్లరి స్లాట్‌లో

ఇప్పుడు రెండో స్లాట్ లోడ్ చేయండి. ఈ గేమ్ ఎంత తిక్కదో ఇక్కడ బయటపడుతుంది.

'సీవేస్' కొడితే కార్లు నీళ్ళ మీద పోతాయి. 'కమ్ ఫ్లై విత్ మీ' కొడితే గాల్లోకి లేస్తాయి, కాకపోతే రన్‌వే లాంటి పొడవాటి రోడ్డు, మంచి వేగం కావాలి. 'గ్రిప్ ఈజ్ ఎవ్రీథింగ్' కొడితే బండి రోడ్డుకి అతుక్కుని తిరుగుతుంది. 'వీల్స్ ఆర్ ఆల్ ఐ నీడ్' కొడితే కారు మాయమై చక్రాలే పరిగెడతాయి. దీంట్లో వీల్స్ ఆర్ ఆల్ దగ్గర రెండు ఎల్‌లు, వెంటనే ఐ, జాగ్రత్త. ఇవన్నీ మళ్ళీ కొడితే ఆగిపోయే రకం.

'ఎయిర్‌షిప్' కొడితే ఎగిరేది పడవ. 'ఐ వాంట్ ఇట్ పెయింటెడ్ బ్లాక్' కొడితే ఊళ్ళో కార్లన్నీ నల్లగా. 'ద లాస్ట్ రైడ్' కొడితే శవాల బండి, 'రబిష్ కార్' కొడితే చెత్త లారీ, 'బెటర్ దాన్ వాకింగ్' కొడితే గోల్ఫ్ బండి. ఆ గోల్ఫ్ బండి వేసుకుని బీచ్ రోడ్డు మీద పోలీసుల ముందు పోవడం ఈ గేమ్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని, ఎందుకని అడిగితే చెప్పలేను.

'మియామీ ట్రాఫిక్' కొడితే డ్రైవర్లందరికీ కోపం వస్తుంది, హారన్లు, గుద్దుకోవడాలు. హైదరాబాద్‌లో బండి నడిపేవాళ్ళకి ఇందులో పెద్ద తేడా తెలియదు, సాయంత్రం ఆరింటి పంజాగుట్ట ఫ్లైఓవర్ కంటే బుద్ధిగానే ఉంటారు. 'గ్రీన్ లైట్' కొడితే సిగ్నళ్ళన్నీ పచ్చవే.

వాతావరణం కోడ్‌లు విడివిడిగా ఉన్నాయి. 'ఎ లవ్లీ డే' ఎండ, 'క్యాట్స్ అండ్ డాగ్స్' వాన, 'కాంట్ సీ ఎ థింగ్' పొగమంచు. కాంట్‌లో వచ్చే చుక్క లాంటి గుర్తులేమీ కొట్టకూడదు, అక్షరాలు మాత్రమే. మబ్బు పట్టించే కోడ్ మాత్రం ముందు ఎ బిట్ కొట్టి, తరవాత డీ, ఆర్, ఐ, ఈ, జీ కొట్టాలి. అది స్కాట్లండ్ వాళ్ళ మాట, చేసినవాళ్ళు ఎడిన్‌బరో వాళ్ళు కదా. వేషాల కోడ్‌లలో 'డీప్ ఫ్రైడ్ మార్స్ బార్స్' ఒకటుంది, కొడితే టామీకి ఒళ్ళు వస్తుంది. అదీ అక్కడిదే, స్కాట్లండ్‌లో మార్స్ చాక్లెట్‌ని పిండిలో ముంచి నూనెలో వేయించి అమ్ముతారు. 'ప్రోగ్రామర్' కొడితే టామీ కాళ్ళూ చేతులూ పుల్లల్లా అవుతాయి. హైటెక్ సిటీలో కూర్చుని ఈ గేమ్ ఆడేవాళ్ళు దీన్ని మీదికి తీసుకోకండి. 'స్టిల్ లైక్ డ్రెస్సింగ్ అప్' కొడితే ప్రతిసారీ రోడ్డు మీది ఇంకెవరి వేషమో వస్తుంది. స్టిల్, లైక్ కలిసేచోట మూడు ఎల్‌లు వరుసగా వస్తాయి, రెండే కొట్టి పడలేదంటారు చాలామంది.

కోడ్‌లని ఒక్కొక్కటిగా కాక జంటగా వాడండి. 'యు వోంట్ టేక్ మీ అలైవ్' ఒక్కసారి కొడితే రెండు స్టార్లు. మూడుసార్లు కొడితే ఆరు, మిలిటరీ దిగుతుంది, వాళ్ళూ ట్యాంకులతోనే వస్తారు. ఇప్పుడు మీరొక పాంజర్ కొట్టండి. ట్యాంకు మెల్లగా పోతుందని బాధపడక్కర్లేదు, ఫిరంగిని వెనక్కి తిప్పి కాలుస్తూ పోతే ఆ తోపుకి వేగం పెరుగుతుంది. నెట్ సెంటర్ రోజుల్లో ఈ సంగతి తెలిసినవాడికి చుట్టూ గుంపు ఉండేది. అలసిపోయాక 'లీవ్ మీ అలోన్' కొడితే మిలిటరీ మొత్తం ఏమీ ఎరగనట్టు మీ పక్కనుంచి పోతుంది.

సేవ్ చేయకూడనివి

మూడు కోడ్‌లు. 'ఫైట్ ఫైట్ ఫైట్' కొడితే ఊరి జనం ఒకరినొకరు కొట్టుకుంటారు. 'నోబడీ లైక్స్ మీ' కొడితే అందరూ మీ మీదికే వస్తారు. 'అవర్ గాడ్ గివెన్ రైట్ టు బేర్ ఆర్మ్స్' కొడితే అందరి చేతుల్లో ఆయుధాలు. వీటిని మళ్ళీ కొట్టినా ఆగవు. ఆ తర్వాత సేవ్ చేశారో, ఆ సేవ్‌లో ఊరు ఎప్పటికీ అంతే. మిషన్‌లో మనకి సాయంగా వచ్చేవాణ్ణి దారిన పోయే ముసలమ్మ గొడుగుతో కొట్టి చంపేస్తే మిషన్ ఫెయిల్. అలాంటి సేవ్‌తో కథ పూర్తి చేయడం నరకం.

కావాలనుకుంటే కొట్టండి, చూడండి, నవ్వుకోండి, సేవ్ చేయకుండా బయటికి రండి. మొదటి రెండూ కలిపి ఎప్పుడూ కొట్టకండి, ఆస్పిరిన్ కొట్టే తీరిక కూడా దొరకదు.

కోడ్‌తో రాని శక్తులు

ఇప్పుడు కథ స్లాట్‌కి రండి. ఈ భాగం నెట్ సెంటర్‌లో ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే గంటలో అయ్యే పని కాదు.

అంబులెన్స్ ఎక్కి సబ్ మిషన్ బటన్ నొక్కండి. ఆ బటన్ ఏదో కంట్రోల్స్ పేజీలో చూసుకోండి. పారామెడిక్ మిషన్ మొదలవుతుంది. మొదటి లెవెల్‌లో ఒక రోగి, రెండోదాంట్లో ఇద్దరు, అలా పన్నెండో లెవెల్‌లో పన్నెండుమంది. మొత్తం 78 మందిని ఆస్పత్రికి చేర్చాలి, మధ్యలో ఆపకుండా ఒకే ఊపులో. బండిలో ఒకసారికి ముగ్గురే పడతారు. పూర్తయితే టామీకి ఇక ఆయాసం రాదు, గేమ్ అయిపోయేదాకా పరిగెత్తుతూనే ఉండొచ్చు. ఇది సేవ్‌లో ఉండిపోతుంది, ఎవరూ తీసేయలేరు.

ఇక్కడ కోడ్‌లు సాయం చేస్తాయి. అంబులెన్స్ ఎత్తుగా ఉంటుంది, మలుపులో తిరగబడితే అంతా పాయె. అందుకే ఎక్కకముందే 'గ్రిప్ ఈజ్ ఎవ్రీథింగ్', 'గ్రీన్ లైట్' కొట్టండి. కథలో ఇవి వద్దన్నాను కదా, ఇలాంటి పనులకి మాత్రం మినహాయింపు, పని అయ్యాక 'గ్రిప్'ని మళ్ళీ కొట్టి తీసేయండి. ఈ పని ఆట మొదట్లోనే చేయండి. కథ ముందుకు పోయేకొద్దీ గ్యాంగులు మీ మీద పగబట్టి దారిలో కాలుస్తాయి. దూరంగా ఉన్న రోగిని ముందు తెచ్చుకోవడం, దగ్గరివాణ్ణి చివరికి ఉంచడం అలవాటు చేసుకోండి. ఒక్క తొందరపాటు చాలు, రోగినే గుద్దేస్తాం.

ఫైరింజన్‌తో పన్నెండు లెవెల్‌లు చేస్తే టామీని మంటలు అంటవు. పిజ్జా స్కూటర్ మీద పది లెవెల్‌లు చేస్తే ప్రాణం వంద నుంచి 150కి పెరుగుతుంది. పోలీసు బండితో విజిలాంటీ, అంటే దొంగల్ని వెంటాడే మిషన్, పన్నెండు లెవెల్‌లు చేస్తే కవచం 150కి. ఈ విజిలాంటీని పోలీసు కారుతోనే చేయాలని లేదు, ట్యాంకుతోనూ చేయొచ్చు. అంటే పాంజర్ కొట్టి, ఎక్కి, సబ్ మిషన్ బటన్ నొక్కడమే. ట్యాంకు తగిలితే చాలు కారు పేలిపోతుంది, దొంగల కోసం దిగి కాల్చాల్సిన పనే లేదు. మధ్యలో మన మీద పెరిగే స్టార్లకి 'లీవ్ మీ అలోన్' ఉండనే ఉంది. కోడ్‌కి ఇంతకంటే మంచి వాడకం ఈ గేమ్‌లో నాకు కనిపించలేదు.

టాక్సీ లెక్క వేరు, ఒకే ఊపులో చేయక్కర్లేదు. ఎప్పుడు టాక్సీ దొరికితే అప్పుడు నలుగురిని దింపుతూ పోండి, మొత్తం వందమంది కావాలి. ఆ తర్వాత టాక్సీలో హారన్ కొడితే టాక్సీ ఎగురుతుంది. నిజంగానే, రోడ్డు మీంచి గంతేస్తుంది.

ఊళ్ళో అక్కడక్కడ దాచిన ఆకుపచ్చ బొమ్మలు వంద ఉన్నాయి. పది ఏరితే మీ ఇంటి దగ్గర కవచం, ఇరవైకి చైన్‌సా, అలా పెరుగుతూ ఎనభైకి సీ స్పారో హెలికాప్టర్, తొంభైకి మిలిటరీ స్థావరంలో ట్యాంకు. పాంజర్ కొడితే వచ్చేదే కదా అనకండి, హెలికాప్టర్‌కి వైస్ సిటీలో కోడ్ లేదు.

దాచిపెట్టినవి

చీట్ లేకుండా పోలీసుల నుంచి తప్పించుకునే దారి ఒకటుంది. రెండు స్టార్ల లోపు ఉంటే బట్టలు మార్చుకుంటే చాలు. చొక్కా బొమ్మ తిరుగుతున్నచోటికి వెళ్ళండి, టామీని గుర్తుపట్టరు.

రాత్రి చంద్రుడు కనిపించినప్పుడు స్నైపర్ దుర్భిణిలోంచి గురిపెట్టి కాల్చండి. 'థగ్స్ టూల్స్' కొడితే స్నైపర్ వస్తుంది. చంద్రుడి సైజు మారుతుంది. మళ్ళీ కాల్చండి, మళ్ళీ మారుతుంది. ఎందుకు పెట్టారంటే, సరదాకి.

ఇక గుడ్డు. గేముల్లో దాచిన వింతల్ని ఈస్టర్ ఎగ్ అంటారు కదా, వీళ్ళు నిజంగా చాక్లెట్ గుడ్డునే దాచారు. ముందు రెండో దీవి తెరుచుకోవాలి, మొదట్లో తుఫాను హెచ్చరిక అని చెప్పి వంతెనలు మూసి ఉంటాయి, కథలో కొంతదూరం పోతే తెరుస్తారు. తర్వాత డౌన్‌టౌన్‌లో 14,000 డాలర్లు పెట్టి హైమన్ కాండో కొంటే దాని డాబా మీద మావెరిక్ హెలికాప్టర్ దొరుకుతుంది. అది తీసుకుని దగ్గర్లోనే ఉన్న వీసీఎన్ టీవీ భవనం హెలిప్యాడ్ మీద దిగండి. ఎదురుగా అద్దాల కిటికీలుంటాయి. వాటిలో ఒకటి చూడ్డానికి అద్దం, కానీ లోపలికి దారి. దూకితే అందులోంచి దూరిపోతారు, లోపల గుడ్డు. గురి తప్పితే కింద రోడ్డు. అందుకే హెలికాప్టర్ ఎక్కకముందే సేవ్ చేసుకోండి.

హెలికాప్టర్ మిషన్ దగ్గర ఆగిపోయినవాళ్ళకి

ఏ స్లాట్‌లో ఆడినా, ఏ కోడ్ కొట్టినా, హైదరాబాద్‌లో సగం మంది ఆగిపోయింది ఇక్కడే. వ్యానులో కూర్చుని బొమ్మ హెలికాప్టర్‌తో కట్టే భవనంలో నాలుగు బాంబులు పెట్టే మిషన్, డెమోలిషన్ మ్యాన్. టైమర్‌ని ఆపే కోడ్, పెంచే కోడ్ ఏదీ లేదు. కానీ గేమ్ చెప్పని సంగతి ఒకటుంది. టైమర్ మిషన్ మొదలవగానే నడవదు, మీరు మొదటి బాంబు ఎత్తినప్పుడే నడుస్తుంది.

కాబట్టి బాంబు జోలికి పోకుండా ముందు ఖాళీ హెలికాప్టర్‌తో లోపలికి పోండి. మెట్లు ఎక్కడున్నాయో, ఏ అంతస్తుకి ఎటు తిరగాలో నింపాదిగా చూసుకోండి. కూలీలు, కాపలావాళ్ళు అడ్డొస్తుంటారు, వాళ్ళని హెలికాప్టర్ రెక్కతోనే ఒక్కొక్కరిగా తప్పించండి. తొందర లేదు, టైమర్ నడవట్లేదు. భవనం ఖాళీ అయ్యాక బయటికి వచ్చి మొదటి బాంబు ఎత్తండి. కష్టమైన పై అంతస్తు ముందు, తేలికైన కింది అంతస్తు చివర పెట్టుకుంటే చేతులు వణికే సమయానికి దగ్గరి పనే మిగులుతుంది. ఎత్తు పెంచేటప్పుడు మెట్ల దారిలో మధ్యలోనే ఉండండి, గోడకి రాసుకుంటే హెలికాప్టర్ దెబ్బతింటుంది. బాణం కీలతో ఇబ్బందిగా ఉంటే కంట్రోల్స్‌లో పైకి, కిందికి కీలని చేతికి అందేచోటికి మార్చుకుని కూర్చోండి, అది కూడా మిషన్ మొదలుపెట్టకముందే.